ఫొటో అప్‌లోడ్ ప్లగిన్‌లో లోపం బయటపడిందా? మీ ఆన్‌లైన్ షాపును ఇలా చూసుకోండి

కప్పుల మీద, టీషర్టుల మీద, గోడ గడియారాల మీద ఫొటోలు ముద్రించి అమ్మే షాపు మీకు ఉంటే, ప్రొడక్ట్ పేజీలో ‘మీ ఫొటో ఇక్కడ పెట్టండి’ అనే బటన్ తప్పకుండా ఉంటుంది. దాన్ని నొక్కడానికి లాగిన్ అక్కర్లేదు, డబ్బు కట్టనక్కర్లేదు. ముక్కూ మొహం తెలియని మనిషి మీ సర్వర్‌లో ఒక ఫైల్ పెట్టి వెళ్ళిపోవచ్చు. అందుకే ఆ బటన్ వెనకున్న ప్లగిన్‌లో (సైట్‌కు అదనపు సౌకర్యాలు కలిపే చిన్న ప్రోగ్రామ్‌లో) లోపం వచ్చిందంటే దాన్ని మామూలు అప్‌డేట్‌లా చూడకూడదు.

2021లో జరిగింది చూడండి. ఫ్యాన్సీ ప్రొడక్ట్ డిజైనర్ అని, వూకామర్స్ (వర్డ్‌ప్రెస్ సైట్‌ను షాపుగా మార్చే సాఫ్ట్‌వేర్) షాపుల్లో బాగా వాడే ప్లగిన్ ఒకటి ఉంది. కస్టమర్ తన ఫొటో ఎక్కించి, వస్తువు మీద అది ఎలా కనిపిస్తుందో అక్కడే చూసుకోవచ్చు. అప్పటికి 17,000కు పైగా కాపీలు అమ్ముడయ్యాయి. ఆ ఏడాది మే 31న, వర్డ్‌ప్రెస్ సైట్ల భద్రత చూసే వర్డ్‌ఫెన్స్ సంస్థ పరిశోధకులు అందులో ఒక లోపం కనిపెట్టారు. లాగిన్ లేకుండానే ఎవరైనా ఫొటో బదులు ప్రోగ్రామ్ ఫైల్ ఎక్కించవచ్చు. ప్లగిన్ తయారుచేసినవాళ్ళు జూన్ 2న 4.6.9 వెర్షన్‌లో సరిచేశారు. రెండు రోజుల్లో మందు వచ్చింది, మంచిదే. కానీ దాడుల జాడలు జనవరి 30 నుంచే ఉన్నాయని తర్వాత తేలింది. అంటే నాలుగు నెలలు తలుపు తెరిచే ఉంది. జూన్ 2 పొద్దున్నే అప్‌డేట్ నొక్కిన షాపు యజమాని కూడా, అంతకుముందే ఎవరైనా లోపలికి వచ్చారా అని వెతక్కపోతే, దొంగను ఇంట్లో పెట్టుకుని తాళం వేసినట్టే.

అందుకే కింద చెప్పేదాంట్లో అప్‌డేట్ గురించి తక్కువగా, వెతకడం గురించి ఎక్కువగా ఉంటుంది.

లోపం ఎలా పనిచేస్తుంది

ఇది తెలిస్తే మిగతా అడుగులు ఎందుకు వేస్తున్నారో మీకే అర్థమవుతుంది. వర్డ్‌ప్రెస్, దాని మీద నడిచే వూకామర్స్ రెండూ పీహెచ్‌పీ భాషలో రాసినవే. సర్వర్‌కు ఫొటో కనిపిస్తే బ్రౌజర్‌కు పంపిస్తుంది. పేరు చివర పీహెచ్‌పీ అనే తోక ఉన్న ఫైల్ కనిపిస్తే మాత్రం దాన్ని నడిపిస్తుంది. అది మీరు పెట్టిన ఫైలా, బయటివాడు పెట్టిందా అని చూడదు. కాబట్టి వచ్చింది ఫొటోనా కాదా అని గుమ్మం దగ్గరే పట్టుకోవాల్సిన కాపలా పని ప్లగిన్‌దే.

ఆ కాపలా సాధారణంగా మూడు చోట్ల మోసపోతుంది. పీహెచ్‌పీ తోకను ఆపి, సర్వర్ అలాగే నడిపించే పీహెచ్‌టీఎంఎల్, ఫార్ లాంటి తోకల్ని వదిలేయడం ఒకటి. ‘ఇది జేపెగ్ బొమ్మ’ అని బ్రౌజర్ చెప్పిన మాట నమ్మేయడం రెండోది. ఆ మాటను పంపేవాడు తనకు నచ్చినట్టు రాసి పంపగలడు. ఫైల్ మొదటి కొన్ని అక్షరాలు చూసి బొమ్మే అని నిర్ధారించుకోవడం మూడోది. జిఫ్ ఫైల్ మొదట్లో ఉండే ఆరు అక్షరాలు రాసి, వాటి కింద పీహెచ్‌పీ కోడ్ పెడితే ఈ పరీక్ష దాటేస్తుంది.

ఒక్కసారి అలాంటి ఫైల్ లోపల పడిందంటే, దొంగ బ్రౌజర్‌లో దాని అడ్రస్ కొట్టి మీ సర్వర్‌తో మాట్లాడతాడు. మొట్టమొదట చదివేది డబ్ల్యూపీ-కాన్ఫిగ్ ఫైల్‌ని. డేటాబేస్ పాస్‌వర్డ్ ఉండేది అందులోనే. అక్కడి నుంచి మీ ఆర్డర్లు, కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రస్‌లు అన్నీ వాడి చేతిలో ఉంటాయి. 2022 అక్టోబర్ 1 నుంచి మన దేశంలో వ్యాపారులు కార్డు నంబర్లు దాచుకోకూడదని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది కాబట్టి, అవి మీ దగ్గర ఉండకూడదు. కానీ ‘మీ ఆర్డర్ ఆగిపోయింది, ఈ లింక్ నొక్కండి’ అని ఫోన్ చేసి మోసం చేయడానికి పేరు, నంబరు, కొన్న వస్తువు తెలిస్తే చాలు.

1. మీ దగ్గర ఏ ప్లగిన్ ఉంది, ఏ వెర్షన్ ఉంది

డ్యాష్‌బోర్డ్‌లో ప్లగిన్ల జాబితా తెరిచి, ఫైల్ తీసుకునే ప్రతి దాన్నీ కాగితం మీద రాసుకోండి. ప్రొడక్ట్ డిజైనర్ ఒక్కటే కాదు. చెకవుట్‌లో ఫైల్ అడిగేది, సంప్రదింపుల ఫారం, రివ్యూతో పాటు ఫొటో పెట్టనిచ్చేది, ఫైల్ మేనేజర్ అన్నీ రాయండి. 2020 సెప్టెంబర్‌లో డబ్ల్యూపీ ఫైల్ మేనేజర్ అనే ప్లగిన్‌లో ఇలాంటి లోపమే బయటపడింది. అప్పటికి దాన్ని 7 లక్షలకు పైగా సైట్లు వాడుతున్నాయి.

డబ్బు పెట్టి కొన్న ప్లగిన్ల దగ్గర జాగ్రత్త. వర్డ్‌ప్రెస్ సొంత సైట్ నుంచి తీసుకున్న వాటికి అప్‌డేట్ రాగానే ఎర్ర గుర్తు కనిపిస్తుంది. కోడ్‌కాన్యన్ లాంటి చోట కొన్నవాటికి లైసెన్స్ కీ పెట్టకపోతే ఆ గుర్తు రాకపోవచ్చు. థీమ్‌తో పాటు ఉచితంగా వచ్చిన ప్లగిన్ల పరిస్థితీ అంతే, థీమ్ వాళ్ళు పంపేదాకా పాతదే నడుస్తుంది. ‘అప్‌డేట్లేమీ లేవు’ అని డ్యాష్‌బోర్డ్ చెప్పిందని ఊరుకోకండి. కొన్న పేజీకి వెళ్ళి, అక్కడ రాసిన తాజా వెర్షన్ నంబరుతో మీది పోల్చుకోండి. ఇక డబ్బు కట్టకుండా ఎక్కడో దొరికిన నల్డ్ కాపీ వాడుతుంటే, ఈ గైడ్‌లో మిగతాది చదివే ముందే దాన్ని తీసేయండి. దాంట్లో ఏం కలిపి పెట్టారో మీకు తెలిసే దారి లేదు.

2. ముందు కాపీ, తర్వాత తాళం

లోపం వార్త చూడగానే చెయ్యి అప్‌డేట్ బటన్ మీదికి పోతుంది. ఒక్క పది నిమిషాలు ఆగి, సైట్ ఫైళ్ళు, డేటాబేస్, యాక్సెస్ లాగ్‌లు (ఎవరు ఎప్పుడు ఏ ఫైల్ అడిగారో సర్వర్ రాసుకునే చిట్టాలు) ఉన్నవి ఉన్నట్టుగా మీ కంప్యూటర్‌లోకి దించుకోండి. దీన్ని తిరిగి పెట్టుకోవడానికి వాడకూడదు. రేపు ఏం జరిగిందో తెలుసుకోవడానికి ఇదే సాక్ష్యం. ప్లగిన్‌ను మార్చేశాక దాని ఫోల్డర్‌లో దొంగ వదిలిన ఫైళ్ళు కూడా తుడిచిపెట్టుకుపోవచ్చు, అప్పుడు ఎవరైనా వచ్చారా లేదా అన్నది ఎప్పటికీ తేలదు.

కాపీ అయ్యాక అప్‌డేట్ చేయండి. సరిచేసిన వెర్షన్ ఇంకా రాకపోతే ప్లగిన్‌ను డీయాక్టివేట్ చేసి వదిలేయకండి, పూర్తిగా డిలీట్ చేయండి. డీయాక్టివేట్ చేసినా ఫైళ్ళు సర్వర్‌లోనే ఉంటాయి, వాటి అడ్రస్ నేరుగా కొడితే కొన్ని నడుస్తాయి. ఫ్యాన్సీ ప్రొడక్ట్ డిజైనర్ విషయంలో కొన్ని సర్వర్లలో సరిగ్గా అదే జరిగే వీలుందని వర్డ్‌ఫెన్స్ హెచ్చరించింది.

ప్లగిన్ తీసేస్తే వ్యాపారం ఆగిపోతుందనే టెన్షన్ నాకు తెలుసు. నాలుగు రోజులు ప్రొడక్ట్ పేజీలో ‘ఆర్డర్ పెట్టాక ఫొటోను వాట్సాప్‌లో పంపండి’ అని రాయండి. పని పెరుగుతుంది, కానీ ఆర్డర్లు ఆగవు. సరిచేసిన వెర్షన్ వెంటనే వస్తుందన్న నమ్మకం కూడా పెట్టుకోవద్దు. ఇదే ప్లగిన్‌లో 6.4.3 వెర్షన్ దాకా మళ్ళీ ఇలాంటి అప్‌లోడ్ లోపమే ఉందని ప్యాచ్‌స్టాక్ సంస్థ 2025 జనవరిలో ప్రకటించింది. తయారీదారులకు 2024 మార్చిలోనే చెప్పామనీ, ప్రకటించే నాటికీ అది సరికాలేదనీ ఆ సంస్థ తెలిపింది.

3. లోపలికి ఎవరైనా వచ్చారా

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే పెట్టండి.

నేను చూసుకునే చిన్న షాపుల్లో ఒకదానికి ఇలా జరిగింది. కప్పుల మీద ఫొటోలు వేసి పంపే ఇల్లాలి షాపు అది. సైట్ మామూలుగానే నడుస్తోంది, ఆర్డర్లు వస్తున్నాయి, ఆవిడకు ఏ అనుమానమూ లేదు. ప్లగిన్ లోపం గురించి చదివి నేనే ఫోల్డర్ తెరిచాను. బారసాల ఫొటోలు, పెళ్ళి ఫొటోలు, ఎవరో తాతగారి షష్టిపూర్తి ఫొటో, వందల కొద్దీ ఉన్నాయి. పేర్లు చూస్తే ఏమీ తెలియలేదు. ఫైల్ సైజు ప్రకారం వరుస మార్చి చూశాను. ఫోన్లలో తీసిన ఫొటోలన్నీ 2, 3 ఎంబీలు ఉంటే, అన్నిటికన్నా పైన ఒక్కటి మాత్రం 1 కేబీ కూడా లేదు. పేరు మధ్యలో జేపీజీ అని ఉంది, చివర మాత్రం పీహెచ్‌పీ. తెరిస్తే లోపల ఒకే ఒక్క వరుస కోడ్. అది వచ్చి ఐదు వారాలైంది. ఆ ఐదు వారాలూ కస్టమర్ల అడ్రస్‌లు ఎవరు చూశారో అని ఆవిడ అడిగితే నా దగ్గర సమాధానం లేదు, ఎందుకంటే అప్పటి లాగ్‌లు ఏవీ మిగల్లేదు.

మీరు కూడా అలాగే వెతకండి. సీప్యానెల్‌లో (హోస్టింగ్ వాళ్ళు ఇచ్చే కంట్రోల్ ప్యానెల్) ఫైల్ మేనేజర్ తెరిచి, దాచిన ఫైళ్ళు కూడా కనిపించేలా సెట్టింగ్ మార్చండి. డబ్ల్యూపీ-కంటెంట్ లోపల అప్‌లోడ్స్ ఫోల్డర్‌కు వెళ్ళి, పీహెచ్‌పీ అని వెతకండి. ఫొటోలు ఉండాల్సిన చోట పీహెచ్‌పీ ఫైల్ ఉండకూడదన్నది ప్రాథమిక సూత్రం. ఒక్క మినహాయింపు ఉంది. కొన్ని ప్లగిన్లు తమ ఫోల్డర్‌లో ఇండెక్స్ అనే పేరుతో ఖాళీలాంటి ఫైల్ పెడతాయి. అందులో ‘సైలెన్స్ ఈజ్ గోల్డెన్’ అనే వ్యాఖ్య తప్ప ఏమీ ఉండదు, సైజు 30 బైట్లకు అటూఇటూ. ఇండెక్స్ అని పేరుండి సైజు కేబీల్లో ఉంటే తెరిచి చూడాల్సిందే.

అప్‌లోడ్స్‌తో ఆగకండి. 2021 దాడుల్లో ఫైళ్ళు ఎక్కువగా ప్లగిన్ సొంత ఫోల్డర్ లోపల ఇంక్ (inc) అనే చోట, లేదా డబ్ల్యూపీ-అడ్మిన్ కింద పడ్డాయి. ఏడాది, నెల, తేదీ పేర్లతో ఫోల్డర్లు, వాటి లోపల అర్థం లేని పొడుగాటి పేరుతో పీహెచ్‌పీ ఫైల్. ప్లగిన్ కోడ్ ఉండే చోట తేదీల పేర్లతో ఫోల్డర్లు కనిపిస్తే అనుమానించండి.

ఫైల్ పక్కన కనిపించే తేదీని పూర్తిగా నమ్మొద్దు. దాన్ని దొంగ వెనక్కి తిప్పగలడు. కాబట్టి కోడ్ లోపల కూడా వెతకాలి. ఇవాల్ (eval), బేస్64 డీకోడ్ (base64_decode), జీజెడ్‌ఇన్‌ఫ్లేట్ (gzinflate) అనే మాటలు ఒకే వరుసలో కలిసి వచ్చి, పక్కనే చదవడానికి వీల్లేని అక్షరాల గుట్ట ఉంటే అది దాదాపుగా దొంగ కోడే. బేస్64 ఒక్కటే కనిపిస్తే కంగారు పడకండి, మంచి ప్లగిన్లూ దాన్ని వాడతాయి.

తర్వాత యూజర్ల జాబితా తెరిచి అడ్మినిస్ట్రేటర్లు ఎవరెవరో చూడండి. మీరు పెట్టని పేరు ఉంటే అక్కడే తేలిపోతుంది. ఎంయూ-ప్లగిన్స్ అనే ఫోల్డర్ ఉంటే దాన్నీ తెరవండి. అందులోని కోడ్ వర్డ్‌ప్రెస్‌తో పాటు తనంతట తానే నడుస్తుంది, ప్లగిన్ల పేజీలో దాన్ని ఆపే బటన్ కూడా ఉండదు. చివరగా పేమెంట్ సెట్టింగులు. గేట్‌వే కీలు మీవేనా? చెకవుట్‌లో యూపీఐ క్యూఆర్ బొమ్మ పెట్టి ఉంటే, దాన్ని మీ ఫోన్‌తో స్కాన్ చేసి పేరు ఎవరిది వస్తుందో చూడండి. దీనికి అర నిమిషం పడుతుంది, దయచేసి వదిలేయొద్దు.

యాక్సెస్ లాగ్ చదవడం కొంచెం విసుగు. వెతకాల్సింది మాత్రం ఒక్కటే: అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో గానీ, తేదీల ఫోల్డర్‌లో గానీ ఉన్న పీహెచ్‌పీ ఫైల్‌ను ఎవరైనా పిలిచారా, దానికి సర్వర్ 200 అని బదులిచ్చిందా. 200 అంటే ఫైల్ ఉంది, నడిచింది. 404 అంటే ఎవడో గాలం వేశాడు, చేప పడలేదు. సీప్యానెల్‌లో రా యాక్సెస్ అనే చోట లాగ్‌లను భద్రపరచమని టిక్ పెట్టకపోతే పాతవి మిగలవు. ఇంతవరకు పెట్టి ఉండకపోతే ఇప్పుడే పెట్టండి, నెల మారగానే పాతవి తీసేయమనే టిక్ ఉంటే అది తీసేయండి.

దొంగ ఫైల్ దొరికితే గడియారం చూసుకోండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఇలాంటి చొరబాటు తెలిసిన 6 గంటల్లో ఆ సంస్థకు తెలియజేయాలి. 180 రోజుల లాగ్‌లు ఉంచుకోవాలని చెప్పిందీ ఆ ఆదేశాలే. కస్టమర్లకు కూడా చెప్పండి. ‘మీ పేరు, ఫోన్ నంబరు, అడ్రస్ బయటికి పోయి ఉండొచ్చు, మా పేరు చెప్పి ఎవరైనా ఓటీపీ అడిగితే ఇవ్వొద్దు’ అని రెండు వాక్యాలు చాలు. పైన చెప్పిన షాపావిడ భయపడుతూనే పంపింది. కోపగించుకున్నవాళ్ళు ఉన్నారు, కానీ అలాంటి ఫోన్ తమకు వచ్చిందని, మెసేజ్ చూశాం కాబట్టి పెట్టేశామని చెప్పినవాళ్ళూ ఉన్నారు.

4. శుభ్రం చేయడం

దొరికిన ఒక్క ఫైల్ తీసేసి పని అయిపోయిందనుకోవద్దు. ఒకటి పెట్టినవాడు ఇంకో మూడు చోట్ల పెట్టి ఉంటాడనే అనుకోండి. వర్డ్‌ప్రెస్ అసలు ఫైళ్ళు, థీమ్, ప్లగిన్లు అన్నీ తీసేసి, కొన్నచోటు నుంచి కొత్తగా దించి పెట్టండి. మీవంటూ మిగిలేవి డేటాబేస్, అప్‌లోడ్స్, డబ్ల్యూపీ-కాన్ఫిగ్, హెచ్‌టీయాక్సెస్ ఫైల్ (ఫోల్డర్‌లో ఏది నడవాలో, ఏది కూడదో సర్వర్‌కు చెప్పేది). ఈ నాలుగింటినీ మాత్రం కళ్ళతో చూసి ఉంచుకోవాలి.

పాత బ్యాకప్ పెట్టేద్దామని అనిపిస్తుంది. అది దొంగ రాకముందుదని లాగ్ చూసి తేల్చుకున్నాకే పెట్టండి. మధ్యలో వచ్చిన ఆర్డర్లు పోకుండా ముందు వాటిని వేరే ఫైల్‌గా దించుకోండి.

పాస్‌వర్డులు అన్నీ మార్చాలి: అడ్మిన్, డేటాబేస్, హోస్టింగ్, ఎఫ్‌టీపీ, సైట్ నుంచి మెయిల్ పంపే ఖాతా. పేమెంట్ గేట్‌వే కీలు కొత్తవి తీసుకోవాలి. డబ్ల్యూపీ-కాన్ఫిగ్‌లో వరుసగా ఎనిమిది రహస్య కీలు ఉంటాయి, వాటినీ మార్చండి. పాస్‌వర్డ్ మార్చాక ఈ పని ఎందుకంటే, ఇవి మారిన క్షణమే అప్పటిదాకా లాగిన్ అయి ఉన్న ప్రతి ఒక్కరూ బయటికి వచ్చేస్తారు.

5. ప్లగిన్ రాసేవారిని అడగాల్సినవి

సొంతంగా ప్లగిన్ రాయించుకున్నవాళ్ళు డెవలపర్‌ను ఇవి అడగండి. ఏ తోకలు వద్దో రాశారా, ఏవి మాత్రమే కావాలో రాశారా? రెండోదే కావాలి. జేపీజీ, పీఎన్‌జీ తప్ప మిగతాదంతా తిప్పి పంపాలి. ఫైల్ పేరును కస్టమర్ ఇచ్చినట్టే ఉంచుతున్నారా? ఉంచకూడదు, పేరు, తోక రెండూ మన ప్రోగ్రామే పెట్టాలి. వచ్చిన ఫొటోను చదివి మళ్ళీ కొత్త బొమ్మగా రాస్తున్నారా? అలా రాస్తే బొమ్మ వెనక దాచిన కోడ్ చాలావరకు రాలిపోతుంది. ఎస్‌వీజీ ఫైళ్ళు తీసుకుంటున్నారా? అది బొమ్మలా కనిపించినా లోపల స్క్రిప్ట్ పెట్టవచ్చు కాబట్టి వర్డ్‌ప్రెస్ మామూలుగా దాన్ని తీసుకోదు.

‘నాన్స్ పెట్టాం, ఏం భయం లేదు’ అంటే ఒప్పుకోకండి. నాన్స్ అనేది పేజీలోనే రాసి ఉండే, అక్షరాలు, అంకెలు కలిసిన ఒక చిన్న కోడ్. పేజీ తెరిచినవాడికల్లా అది దొరుకుతుంది. వచ్చినవాడు ఎవరో అది చెప్పదు.

6. అప్‌లోడ్ అయిన ఫైల్ నడవకుండా చేయడం

రేపు ఇంకో ప్లగిన్‌లో లోపం వస్తుంది. కాపలావాడు నిద్రపోయినా ఫైల్ నడవకుండా సర్వర్‌నే ఆపేస్తే చాలావరకు నిశ్చింత. వర్డ్‌ఫెన్స్ ఉచిత ప్లగిన్‌లో, అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో కోడ్ నడవకుండా ఆపే టిక్ ఒకటి ఉంది, అది పెట్టండి. అది ఆ ఫోల్డర్‌లో ఒక హెచ్‌టీయాక్సెస్ ఫైల్ రాస్తుంది. అపాచీ, లైట్‌స్పీడ్ సర్వర్లలో అది పనిచేస్తుంది. ఎన్‌జినెక్స్ సర్వర్ ఆ ఫైల్‌ను అసలు చదవదు. అక్కడ హోస్టింగ్ వాళ్ళకు టికెట్ పెట్టి, అప్‌లోడ్స్ కింద పీహెచ్‌పీ నడవకుండా సర్వర్ సెట్టింగ్‌లోనే ఆపమని అడగాలి. మీ ప్లగిన్ ఫొటోలను తన సొంత ఫోల్డర్‌లో దాచుకునే రకమైతే, ఆ ఫోల్డర్ పేరు కూడా టికెట్‌లో రాయండి.

హెచ్‌టీయాక్సెస్‌ను నమ్ముకుని దెబ్బతిన్న పెద్ద ఉదాహరణ ఉంది. బ్లూఇంప్ అనే పేరుతో వచ్చిన జేక్వెరీ ఫైల్ అప్‌లోడ్ కోడ్‌ను ఎంతోమంది తమ ప్రోగ్రాముల్లో కలుపుకున్నారు. దానికి రక్షణంతా ఒక హెచ్‌టీయాక్సెస్ ఫైలే. అపాచీ సర్వర్ 2.3.9 వెర్షన్ నుంచి ఆ ఫైల్‌ను మామూలుగా పట్టించుకోవడం మానేసింది. రక్షణ మాయమైంది, కానీ ఏళ్ళ తరబడి ఎవరూ గమనించలేదు. 2018లో అకమాయ్ సంస్థ పరిశోధకుడు లారీ క్యాష్‌డాలర్ దాన్ని బయటపెట్టారు.

అందుకే టిక్ పెట్టాక పరీక్షించండి. నోట్‌ప్యాడ్‌లో నమస్తే అని మాత్రం చూపించే పీహెచ్‌పీ ఫైల్ ఒకటి రాసి, ఎవరూ ఊహించలేని పేరు పెట్టి, ఫైల్ మేనేజర్‌తో అప్‌లోడ్స్‌లో పడేయండి. బ్రౌజర్‌లో దాని అడ్రస్ కొట్టండి. 403 (అనుమతి లేదు) అని వస్తే సరిగ్గా ఉంది. తెల్ల పేజీ మీద నమస్తే అని ఒక్క మాట కనిపిస్తే మాత్రం తలుపు ఇంకా తెరిచే ఉంది, హోస్టింగ్ వాళ్ళకు ఆ స్క్రీన్‌షాట్ పంపండి. పరీక్ష అయిపోగానే ఆ ఫైల్ తీసేయండి. హోస్టింగ్ మార్చిన రోజు, సర్వర్ అప్‌గ్రేడ్ అయిందని మెయిల్ వచ్చిన రోజు మళ్ళీ ఇదే పరీక్ష చేయండి.